హార్డ్ డిస్క్ మొరాయిస్తే: ముందు కాపీ, తర్వాతే వైద్యం

చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ తేడా చేసినా ఫోన్ వచ్చేది నాకే. "ఒరేయ్, హార్డ్ డిస్క్ పోయినట్టుందిరా, ఓసారి చూడు" అంటాడు మా బాబాయి. ఆయన లెక్కలో కంప్యూటర్‌కి వచ్చే ప్రతి రోగమూ హార్డ్ డిస్కుదే. నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒకటే: "దాంట్లో ఉన్నవి ఇంకెక్కడైనా ఉన్నాయా?" ఉన్నాయంటే తాపీగా చూసుకోవచ్చు. లేవంటే ఇంకేమీ నొక్కకుండా ఆపేయమంటాను. జబ్బేమిటో తేల్చుకోడానికి టైముంది. ఫైళ్లకు మాత్రం ఉండకపోవచ్చు.

ఎందుకింత తొందర అంటే, రిపేరు పేరుతో మనం చేసే పనుల్లో చాలావరకు డిస్క్ మీద ఏదో ఒకటి రాసేవే. డిస్క్ తప్పులు దిద్దే విండోస్ చెక్‌డిస్క్ రాస్తుంది, విండోస్ రీఇన్‌స్టాల్ రాస్తుంది, ఊరికే బూట్ అయినా విండోస్ లాగ్‌లు రాస్తూనే ఉంటుంది. కొనఊపిరితో ఉన్న డిస్క్‌కి డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైల్ ముక్కలను ఒకచోటికి చేర్చే పని) పెట్టడం, జ్వరంతో పడుకున్నవాణ్ణి లేపి బస్తాలు మోయించడం లాంటిదే.

ముందు చెవి ఒగ్గండి

తిరిగే డిస్క్ అయితే, అంటే తిరిగే భాగాలేమీ లేని చిప్‌ల ఎస్ఎస్‌డీ కాకపోతే, మొదటి పరీక్షకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్క్‌లు ఎక్కువగా నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతాయి, ల్యాప్‌టాప్‌లో ఉండే 2.5 అంగుళాలవి ఎక్కువగా 5,400. లోపల తిరిగేది ఫైళ్లు రాసి ఉండే పళ్లెం. ఆ పళ్లేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో, దాన్ని తాకకుండా, హెడ్ అనే చిన్న ముక్క తేలుతూ చదువుతుంది. మామూలుగా వినిపించేది సన్నటి గాలి చప్పుడు, పని చేస్తున్నప్పుడు చిన్నగా కరకర. అది భయపడాల్సింది కాదు.

టక్... టక్... టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే మాత్రం వెంటనే పవర్ తీసేయండి. పళ్లెం మీద తన దారి చెప్పే గుర్తులను హెడ్ చదవలేకపోతే, దాని చెయ్యి వెనక్కి వెళ్లి మళ్లీ మొదటినుంచి ప్రయత్నిస్తుంది. ఆ చప్పుడు అదే. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ పెట్టగానే బీప్ బీప్ అని సన్నగా మూలుగుతుంటే మోటారు తిరగలేకపోతోందన్నమాట. చాలిన కరెంటు అందకా కావచ్చు, కిందపడినప్పుడు హెడ్ పళ్లేనికి అతుక్కుపోయీ కావచ్చు. కేబుల్, పోర్ట్ మార్చి ఒక్కసారి చూడండి. అప్పటికీ బీప్‌లే అయితే ఆపేయండి. గీరుకుంటున్న చప్పుడు వస్తే ఆ ఒక్కసారి కూడా వద్దు.

ఈ చప్పుళ్లకు ఇంట్లో చేసుకునే వైద్యం లేదు. డిస్క్‌ని ఫ్రీజర్‌లో పెడితే బతుకుతుందన్న చిట్కా ఇంకా తిరుగుతూనే ఉంది. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది, ఆ తేమ మీద హెడ్ నడిస్తే మిగిలింది కూడా పోతుంది. అదే మోడల్ డిస్క్ ఇంకోటి తెచ్చి కింది సర్క్యూట్ బోర్డు మార్చేయడం ఒకప్పుడు పని చేసేది. ఇప్పటి బోర్డు మీదున్న చిన్న చిప్‌లో ఆ ఒక్క డిస్క్‌కే సరిపోయే కొలతలు ఉంటాయి, అందుకని ఉత్తి బోర్డు మార్పిడి సాధారణంగా పని చేయదు. మూత విప్పి చూడాలన్న సరదా ఉంటే ఎందుకూ అక్కర్లేని డిస్క్ మీద తీర్చుకోండి. ఫైళ్లు నిజంగా కావాలంటే ధూళి లేని గదిలో పని చేసే డేటా రికవరీ ల్యాబే దిక్కు. ఏయే ఫైళ్లు వస్తాయో జాబితా చూపించాకే డబ్బు మాట ఎత్తేవాళ్లను ఎంచుకోండి.

నేరం డిస్కుదేనా?

నా దగ్గరికి వచ్చే "డిస్క్ పోయింది" కేసుల్లో చాలా వాటికి డిస్క్‌తో సంబంధమే ఉండదు.

నల్ల స్క్రీన్ మీద "నో బూటబుల్ డివైస్" అని వచ్చిందనుకోండి. ముందు పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు అన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే ఆన్ అవుతుండగా ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి, వెళ్లండి. అక్కడ చూడాల్సింది ఒక్కటే: మీ డిస్క్ మోడల్ పేరు, సైజు కనిపిస్తున్నాయా? కనిపిస్తే డిస్క్‌లో ప్రాణం ఉంది. బూట్ వరస మారి ఉండొచ్చు, లేదా విండోస్ బూట్ ఫైళ్లు చెడి ఉండొచ్చు. డెస్క్‌టాప్‌లో తేదీ కూడా ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటే అసలు దొంగ మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ. అది అయిపోతే బయోస్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. డిస్క్‌తో మదర్‌బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సాటా మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, దానికి తిరుగుగానో మారిపోతే విండోస్ బూట్ అవ్వదు, డిస్క్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. బ్యాటరీ మార్చి, మోడ్ ముందున్నట్టు పెడితే సరి.

బయోస్‌లోనే కనిపించకపోతే, డెస్క్‌టాప్ అయితే, ప్లగ్ తీసేసి మూత తెరవండి. డిస్క్‌కి రెండు తీగలుంటాయి: సన్నటి డేటా కేబుల్, వెడల్పాటి పవర్ కేబుల్. రెండూ తీసి గట్టిగా పెట్టండి, డేటా కేబుల్ మదర్‌బోర్డు వైపు కూడా. వీలైతే కేబుల్ మార్చి, వేరే పోర్టులో పెట్టి చూడండి. పాత సాటా కేబుళ్లను నేను అస్సలు నమ్మను.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కైతే హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టండి. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చూడ్డానికి అచ్చం డేటా కేబుల్‌లాగే ఉంటాయి, దాంతో మోసపోకండి. పెద్ద 3.5 అంగుళాల డ్రైవ్‌లకు 12 వోల్టులు కావాలి కాబట్టి విడిగా అడాప్టర్ ఉంటుంది. అది చచ్చిపోయినా డ్రైవ్ చచ్చినట్టే అనిపిస్తుంది.

కంప్యూటర్ ఆన్ అవుతోంది, డ్రైవ్ మాత్రం దిస్ పీసీలో లేదంటే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఒక్కోసారి డ్రైవ్ లెటర్ పోయి ఉంటుంది, రైట్ క్లిక్ చేసి ఓ అక్షరం ఇస్తే ప్రత్యక్షమవుతుంది. కానీ అక్కడ విండోస్ మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడగొచ్చు: "ఇనిషియలైజ్ చేయమంటారా?", "వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" రెండింటికీ జవాబు క్యాన్సిలే. ఫైల్ సిస్టమ్ అన్న చోట "రా" (RAW) అని కనబడితే, లోపల ఫైళ్లు ఉన్నాయి గానీ వాటి పట్టిక చదవడం విండోస్‌కి చేతకాలేదని అర్థం. ఆ పట్టికను తిరిగి కట్టే దారులున్నాయి, కింద చెబుతాను.

మరోటి, కొత్త 1 టీబీ డ్రైవ్ 931 జీబీయే చూపిస్తోందని కంగారు పడేవాళ్లు ఉన్నారు. తయారీదారు వెయ్యితో గుణిస్తాడు, విండోస్ 1,024తో భాగిస్తుంది. అంతే, ఎవరూ దొంగిలించలేదు.

డిస్క్ విప్పి వేరే కంప్యూటర్‌కి తగిలించే ముందు, లేదా బయోస్‌లో ఏదైనా మార్చే ముందు, డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ సంగతి చూసుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ లేకపోతే మంచి డిస్క్ కూడా తెరుచుకోదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో లాగిన్ అయితే ఆ కీ అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. ఫోన్‌లోంచే చూసి కాగితం మీద రాసుకోండి.

స్మార్ట్ అంకెలు చదవడం

ఇది నాకు ఇష్టమైన భాగం. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే లెక్కలు రాసుకుంటుంది, దాన్నే స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ఉచితం. లినక్స్‌లో స్మార్ట్‌సీటీఎల్, కమాండ్‌లు నచ్చకపోతే జీస్మార్ట్‌కంట్రోల్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అసలు విలువలను హెక్సాడెసిమల్‌లో చూపిస్తుంది, అది మనుషులు చదివేది కాదు. ఫంక్షన్ మెనూ, అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్ అని వెళ్లి 10 డెసిమల్ ఎంచుకోండి.

పైన నీలం రంగులో "గుడ్" అని ఉందని పొంగిపోకండి. నేను చూసేవి నాలుగైదు వరసలే, అదీ చివరి రా వాల్యూస్ గడిలో.

05 అంటే రీఅలొకేటెడ్ సెక్టార్లు (సెక్టార్ అంటే డిస్క్ మీద రాసుకునే చిన్న చోటు). పాడైన చోట్లను డిస్క్ వదిలేసి, పక్కన దాచుకున్న అదనపు చోటు వాడుకున్న లెక్క. ఏళ్ల తరబడి ఒకే చిన్న అంకె దగ్గర ఆగి ఉంటే బతకనివ్వొచ్చు. ఈ వారం 8, వచ్చే వారం 40 అయితే ఆ డిస్క్ వెళ్లిపోతోంది.

సీ5, అంటే 197, పెండింగ్ సెక్టార్లు. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. డిస్క్ ఓ చోట చదవబోయి చదవలేక, "దీని సంగతి తర్వాత తేలుస్తా" అని పక్కన పెట్టినవి ఇవి. సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా మీ ఫైళ్లలో ఎక్కడో ఓ ముక్క ఇప్పుడు చదవడానికి వీల్లేకుండా ఉందని అర్థం. దాని తోడు సీ6, అంటే 198, ఎంత ప్రయత్నించినా సరిచేయలేనివి. బీబీ, అంటే 187, కంప్యూటర్ అడిగినా ఇవ్వలేకపోయిన సందర్భాలు. ఈ మూడూ సున్నా దగ్గర ఉండాలి.

సీ7, అంటే 199, వేరే జాతి. ఇది పెరుగుతుంటే డిస్క్ మంచిదే, మధ్యలో తీగ చెడ్డది. కేబుల్ మార్చండి. మార్చాక కూడా అంకె తగ్గదు, ఎందుకంటే ఇది పుట్టినప్పటి నుంచి కూడుతూ వచ్చిన లెక్క. పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

01, 07 వరసల్లో కోట్ల అంకెలు కనబడి గుండె జారితే, ముందు డిస్క్ సీగేట్‌దేమో చూడండి. వాళ్లు ఆ గడిలో మొత్తం చదివిన, వెతికిన లెక్కను కూడా కలిపి రాస్తారు, కాబట్టి అది పెద్దగా ఉండటం మామూలే. 09 ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో చెబుతుంది. రోజంతా నడిస్తే ఏడాదికి 8,760, దాన్నిబట్టి వయసు అంచనా వేసుకోవచ్చు. "సెకండ్ హ్యాండ్ గానీ అసలు వాడలేదు" అని చెప్పి అమ్మినవాడి మాట పరీక్షించడానికి కూడా ఇది బాగా పనికొస్తుంది.

అంకెలన్నీ శుభ్రంగా ఉంటే నిశ్చింతేనా? కాదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి వేసిన పేపర్‌లో, పోయిన డిస్క్‌లలో 56 శాతం, అన్నిటికంటే గట్టివనుకున్న నాలుగు స్మార్ట్ గుర్తుల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయని తేలింది. చెడ్డ అంకె కనిపిస్తే నమ్మండి. మంచి అంకెను నమ్మి కాపీ తీయడం మానుకోకండి.

స్మార్ట్‌తో పాటు విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ కూడా చూస్తాను. మూలం "డిస్క్" అని ఉండి, ఈవెంట్ నంబర్ 7 కనబడితే బ్యాడ్ బ్లాక్, అంటే డిస్క్ మీద పాడైన చోటు. 153 అంటే చదవడమో రాయడమో మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చింది, ఇందులో కేబుల్ తప్పు కూడా ఉండొచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుతో 55 వస్తే ఫైల్ సిస్టమ్ చెడింది, డిస్క్ ఆరోగ్యంగానే ఉండి ఉండొచ్చు.

"సిస్టం స్లో" అనేవాళ్లకు టాస్క్ మేనేజర్ చాలు. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ తెరవండి. 100 శాతం చూపిస్తూ సెకనుకు పదుల ఎంబీలు కదులుతుంటే అది పని చేస్తోంది, అప్‌డేటో యాంటీవైరసో పూర్తయ్యేదాకా ఆగండి. 100 శాతం చూపిస్తూ కదిలేది కొద్ది కేబీలే, రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లు అయితే మాత్రం డిస్క్ ఎక్కడో ఒకే చోట తల బాదుకుంటోంది. వెంటనే స్మార్ట్ చూడండి.

కాపీ తీయడం

అనుమానం వచ్చిన డిస్క్ నుంచి ఫైళ్లు తీసేటప్పుడు సైజుని కాదు, విలువని బట్టి వరస పెట్టుకోండి. పత్రాలు, ఫోటోలు, లెక్కల ఫైళ్లు ముందు. డౌన్‌లోడ్ చేసిన సినిమాలు మళ్లీ దొరుకుతాయి. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేయండి, ఎక్స్‌టర్నల్ అయితే కాస్త గాలి తగిలేలా పెట్టి, మధ్యలో కదపకండి.

ఎక్స్‌ప్లోరర్‌లో లాగి వదిలితే చదవలేని మొదటి ఫైలు దగ్గరే ఆగి మీ జవాబు కోసం కూర్చుంటుంది. విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ నయం, కానీ దాన్ని ఉన్నదున్నట్టు వాడకండి. చదవలేని ఫైలు దగ్గర 30 సెకన్లకోసారి, పది లక్షల సార్లు ప్రయత్నించడం దాని సహజగుణం. కమాండ్ చివర స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 చేరిస్తే ఒక్కసారి మళ్లీ చూసి, ఒక్క సెకను ఆగి, ముందుకెళ్తుంది. లోపలి ఫోల్డర్లు కూడా రావాలంటే స్లాష్ ఈ. అక్షరాలు ఇంగ్లీషులోనే కొట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

డిస్క్ మరీ నలిగి ఉంటే, మధ్య మధ్యలో మాయమవుతుంటే, ఫైళ్ల వెంట పడటం దండగ. డిస్క్‌ని మొత్తంగా ఇంకో డిస్క్ మీదికో, ఇమేజ్ ఫైల్‌లోకో దింపేయాలి. దానికి గ్నూ డీడీరెస్క్యూని మించింది నాకు తెలియదు. సిస్టమ్‌రెస్క్యూ అనే లినక్స్‌ని పెన్‌డ్రైవ్ మీద వేసి బూట్ చేస్తే అందులో సిద్ధంగా ఉంటుంది, పైగా విండోస్‌లాగా పాడైన డిస్క్‌ని అడక్కుండానే కెలకదు. డీడీరెస్క్యూ తెలివంతా దాని వరసలో ఉంది: తేలిగ్గా చదవగలిగేవన్నీ ముందు లాగేసుకుంటుంది, మొరాయించిన చోట్లను వదిలేసి చివర్లో వాటి పని పడుతుంది. ఏం వచ్చింది, ఏం రాలేదన్నది ఓ మ్యాప్ ఫైల్‌లో రాస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ వేడెక్కి మీరే ఆపినా, అదే మ్యాప్ ఫైల్ ఇస్తే ఆగినచోట నుంచే మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైల్‌ని పాడైన డిస్క్ మీద కాకుండా వేరేచోట పెట్టాలి. మొదటి విడత మైనస్ ఎన్ ఆప్షన్‌తో నడపండి, కష్టమైన చోట్లను గీకే పని వదిలేస్తుంది. రెండో విడతలో అది తీసేసి, మైనస్ ఆర్3 చేర్చి మిగిలిన వాటికోసం మూడుసార్లు ప్రయత్నించమనండి.

ఒకే ప్రమాదం: మూలం, గమ్యం తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి ఫైళ్లున్న డిస్క్ మీద పడుతుంది, ఇక దాన్ని ఎవడూ తేలేడు. ఎంటర్ నొక్కే ముందు రెండు డిస్క్‌ల సైజు, సీరియల్ నంబర్లు స్టిక్కర్‌తో సరిపోల్చుకోండి. గమ్యం డిస్క్ సమానంగానో పెద్దదిగానో ఉండాలి, దాని మీదున్నదంతా పోతుంది.

ఆ తర్వాత పాత డిస్క్‌ని పక్కన పెట్టేసి కాపీ మీదే ప్రయోగాలు. రా అని చూపించిన పార్టిషన్ పట్టికను తిరిగి కట్టడానికి టెస్ట్‌డిస్క్. అదీ కుదరకపోతే దాని తోబుట్టువు ఫోటోరెక్, పేరులో ఫోటో ఉన్నా డాక్యుమెంట్లూ వీడియోలూ కూడా తవ్వి తీస్తుంది. కాకపోతే ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు రావు, తీరిగ్గా కూర్చుని పేర్లు పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు రిపేరు

కావాల్సినవి చేతికొచ్చాయి కాబట్టి ఇక ఏమైనా చేసుకోవచ్చు. స్మార్ట్ శుభ్రంగా ఉండి ఫైల్ సిస్టమ్ ఒక్కటే చెడితే డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్. సాధారణంగా దాంతో తీరిపోతుంది. పెండింగ్ సెక్టార్లు ఉంటే క్విక్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ కొట్టండి. ప్రతి చోటా రాస్తుంది కాబట్టి ఆ పెండింగ్‌లు అటో ఇటో తేలతాయి: సీ5 సున్నా అవుతుంది, 05 పెరిగితే పెరుగుతుంది. తర్వాత కొన్నాళ్లు గమనించి మళ్లీ కొత్తవి పుడుతుంటే ఆ డిస్క్‌కి సెలవు. పుట్టకపోతే మళ్లీ దొరికే ఫైళ్లకు వాడుకోండి. ముఖ్యమైనవి మాత్రం దాని మీద ఇక నేను పెట్టను.

కాపీ చేసిన ఫైళ్లే చెడుతున్నాయి, స్మార్ట్ మాత్రం శుభ్రంగా ఉందంటే డిస్క్‌ని వదిలేసి ర్యామ్‌ని అనుమానించండి. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఓ రాత్రి నడపడం దండగేం కాదు.

ఎస్ఎస్‌డీలు చప్పుడు చేయవు, చెప్పాపెట్టకుండా పోతాయి. నిన్నటిదాకా పని చేసింది ఇవాళ బయోస్‌లోనే ఉండదు. కొన్ని చివరిదశలో రాయడం ఆపేసి చదవడానికి మాత్రం ఒప్పుకుంటాయి, అలా జరిగితే అదృష్టం, వెంటనే కాపీ తీయండి. ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకమైతే, స్మార్ట్‌లో "మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్" సున్నా ఉండాలి. "పర్సెంటేజ్ యూజ్డ్" 100 దాటినా అదే క్షణంలో చావదు, తయారీదారు లెక్కగట్టిన అరుగుదల పూర్తయిందంతే. పొరపాటున డిలీట్ చేసినవి తిరిగి తీయడం ఎస్ఎస్‌డీలో చాలా కష్టం. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఖాళీ అయిన చోటును డ్రైవ్ తనంతట తానే తుడిచేసుకుంటుంది. ఆ పొరపాటు జరిగిన క్షణంలో కంప్యూటర్ ఆపేయడమే కాస్తో కూస్తో ఉపాయం.

కొత్త డిస్క్ వచ్చాక, దాని మీదికి చేర్చిన ఫైళ్లను తెరిచి చూడండి. ఫోటో థంబ్‌నెయిల్ బాగా కనిపించి, పెద్దది చేస్తే కింది సగం బూడిద రంగులో ఉండొచ్చు. వీడియోను మధ్యకీ చివరికీ జరిపి ఆడించాలి. ఇది ముగిసేదాకా పాత డిస్క్‌ని తుడవొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. తిరిగే డిస్క్‌ని వదిలించుకునేటప్పుడు పూర్తి ఫార్మాట్ కొడితే చాలు. ఎస్ఎస్‌డీకి తయారీదారు సాఫ్ట్‌వేర్‌లోని సెక్యూర్ ఎరేజ్ వాడాలి. అసలు ఆన్ అవ్వని తిరిగే డిస్క్ అయితే, వారంటీలో పంపాల్సింది కాకపోతే, పళ్లేల దాకా మేకు దిగేలా రెండు మూడు చోట్ల కొట్టి, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునే చోట ఇచ్చేయండి. కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, 2.5 అంగుళాల వాటిలో పళ్లేలు తరచుగా గాజువి, లోపలే ముక్కలై చిమ్ముతాయి.